టీకొట్టులో తాళంచెవి

మంగళవారం, 1989, కొచ్చి

ఈ ఊరంటే మా ఇద్దరికీ పిచ్చి. ఇది మూడోసారి రావడం. టీ తాగుతూ, రేవులో ఓడలు చూస్తూ కూర్చుంటాం. పడవ మాత్రం ఈరోజే మొదటిసారి ఎక్కాం, అదీ నా పోరు పడలేక.

ఎక్కబోతూ ఈయన రేవు పక్క టీకొట్టాయన చేతిలో లాడ్జి తాళంచెవి పెట్టేశారు. మేం తిరిగి రాకపోతే మనుషుల్ని పంపమని అరవంలో అప్పగింతలు! టీకొట్టాయన నావైపు జాలిగా చూశాడు.

"ఇది గని కాదు, పడవ!" అన్నాను.

"యాడ దిగినా బిళ్ళ ఇచ్చే దిగాల."

కోలారు బంగారు గనిలో ఇరవై ఏళ్లుగా ఇత్తడి బిళ్ళ పైన ఇచ్చి దిగే మనిషి. పైకొచ్చి బిళ్ళ తీసుకోకపోతే వెతకడానికి దిగుతారట.

తీరా తిరుగు పడవ మమ్మల్ని వేరే రేవులో దింపింది. లాడ్జి గది ముందు నిలబడ్డాక గానీ తాళంచెవి గుర్తురాలేదు. ఆటోలో పరుగెత్తాం. టీకొట్టాయన కొట్టు కట్టేసి, తాళంచెవి ఊపుతూ పడవవాళ్ళతో పోట్లాడుతున్నాడు. మమ్మల్ని చూసి తిట్టిన తిట్లు మలయాళమైనా బాగా అర్థమయ్యాయి. ఈయన మాత్రం మురిసిపోయారు.

"చూస్తివా? నమ్మకమైన మనిషి."

గదికొచ్చాక నవ్వుతూనే అడిగాను, ఇన్నేళ్ళూ గనికి పోతూ నా చేతికేమీ ఇవ్వలేదేమని.

"నువ్వు పైన ఉంటివి గదా. ఈ పొద్దు నువ్వూ నాతోనే వస్తివి. పైన ఇంగెవురుండారు?"

నవ్వు ఆగిపోయింది. ఈయన గురక పెడుతున్నారు. సోమవారం నుంచి మళ్ళీ షిఫ్టు. పైన నేనుండాలి.