ఒకటో క్లాసుకి పదకొండు మంది

ఫిబ్రవరి 3
మా ఇంటి పక్కనే ఉన్న ఫ్యాక్టరీ యూనియన్ ఆఫీసు వెనక గది తాళం ఇచ్చారు. నేనూ వదినా ఊడ్చి, కడిగి, చాపలు పరిచాం. కిందటేడు మా వీధి పిల్లలు నలుగురిని స్కూలువాళ్ళు వెనక్కి పంపేశారు. పేరడిగితే చెప్పరట, పెన్సిల్ పట్టుకోవడం రాదట, కుదురుగా కూర్చోరట. ఈసారి ఆ మాట పడకూడదు.
పదకొండు మంది వచ్చారు. పదకొండు మందీ ఏడ్చారు.

ఫిబ్రవరి 19
లాండ్రీలో పనిచేసే ఆవిడ కూతురు టేబుల్ కిందనుంచి బయటికి రాదు. దాన్ని పిచ్చుక అంటాం. ఇల్లు దాటితే నోరు విప్పదు. దానికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టిందక్కా, ఇక మీ ఓపిక అంది వాళ్ళమ్మ.
ఇవాళ నేనూ టేబుల్ కింద దూరాను. ఇద్దరం క్రేయాన్లతో గీతలు గీశాం. లేవబోతే నడుం పట్టేసింది. వదిన చెయ్యిచ్చి లాగుతూ, మీ ఇద్దర్నీ ఒకే క్లాసులో చేర్పిద్దామా అంది.

మార్చి 27
పిచ్చుక నా చెవిలో నీలం అంది. అది ఆకుపచ్చ. అయినా సరే. ఇంటికొచ్చి కూర తరుగుతూ ఏడ్చాను.

ఏప్రిల్ 16
ఫ్యాక్టరీ మూసేశారు.

ఏప్రిల్ 24
ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు తన కవలల్ని తీసుకుని ఊరొదిలి వెళ్ళిపోయాడు. వాళ్ళు బొత్తాలు సొంతంగా పెట్టుకోవడం మొన్ననే నేర్చారు. మీ కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది, ఏమనుకోకండమ్మా అన్నాడు. ఏమనుకుంటాను?
అంతకుముందే ముగ్గురు వెళ్ళిపోయారు. ఇక ఆరుగురు.

మే 9, ఉదయం పది
ముగ్గురు. అన్నయ్యకి వేరే ఊళ్ళో పని దొరికింది. వదిన సామాను సర్దుతోంది. నువ్వు మాత్రం ఆపకు అంది. ఎవరికి చెప్పను, గోడలకా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

జూన్ 4
స్కూల్లో పెద్ద టీచరు పేరడిగింది. పిచ్చుక చెప్పింది. వరండాలోకి వినపడేలా చెప్పింది. రంగులన్నీ చెప్పింది. పెన్సిల్ పట్టుకుంది.
పెద్ద టీచరు దాని తల నిమిరి, అప్పుడు చెప్పింది. ఈ ఏడు ఒకటో క్లాసు తెరవడం లేదట. కనీసం పదిమంది ఉండాలట. పైనుంచి ఆర్డరట. ముందే చెప్పొచ్చుగా అన్నాను. నాకూ నిన్ననే తెలిసిందమ్మా, నన్నూ మార్చేశారు అంది.
వంతెన అవతలి స్కూలుకి రెండు బస్సులు మారాలి. వాళ్ళమ్మకి లాండ్రీ డ్యూటీ ఏడింటికే. నేను తీసుకెళ్దామంటే, మంచం పట్టిన మావారిని అరగంట మించి వదల్లేను. గది పక్కనే కాబట్టి ఇన్నాళ్ళూ సాగింది.
పోనీలే అక్కా, వచ్చే ఏడు చూద్దాం అంది వాళ్ళమ్మ. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

జూన్ 13, ఉదయం ఎనిమిది
ఇవాళ స్కూళ్ళు తెరిచారని ఎవరు చెప్పారో. పిచ్చుక బ్యాగు తగిలించుకుని మా గుమ్మంలో కూర్చుంది.

మధ్యాహ్నం
అక్కడే ఒరిగి నిద్రపోయింది. బ్యాగు తియ్యబోతే నిద్రలోనే గట్టిగా పట్టుకుంది.

జూన్ 14
మళ్ళీ వచ్చింది.