చెరిపేసిన పాఠాలు

నవంబరు 4
పాటల హక్కుల సంఘం నుంచి మళ్ళీ కవరు. ఇంట్లో పియానో పాఠాలు చెప్పుకునే మాలాంటివాళ్ళు కూడా ఆన్‌లైన్ పాఠాల్లో వాడే సినిమా పాటలకీ పాప్ పాటలకీ ఫీజు కట్టాలట. పాఠాన్ని రికార్డు చేసి దాచుకుంటే దానికి వేరే లైసెన్సు. ఎనిమిది పేజీల ఫారం. మూడో పేజీకే కళ్ళు మూతలు పడ్డాయి. నాకున్నది పదకొండు మంది శిష్యులు, తొమ్మిది మందికి పాప్ పాటలే కావాలి.

నవంబరు 6, మధ్యాహ్నం
ప్రతి పాఠాన్నీ రికార్డు చేసి పంపడం నా అలవాటు. ఐదేళ్ళవి పేరుకుపోయాయి. ఫారంలో ‘రికార్డింగులు లేవు’ అని రాయాలంటే నిజంగానే ఉండకూడదు కదా. అన్నీ చెరిపేశాను. ట్రాష్ కూడా ఖాళీ చేశాను. అప్పుడుగానీ ఫారం మీద సంతకానికి బదులు వేసే నా పేరు ముద్ర వేయడానికి చెయ్యి రాలేదు. మీ దగ్గరున్నవీ తీసేయండని శిష్యులకు మెయిల్ పెట్టాను. గంటలోపే అందరూ అలాగేనన్నారు.

నవంబరు 7
సంఘం అమ్మాయి ఫోన్ చేసింది. పాతవాటితో పనిలేదట, ఈ నెల నుంచి చేసేవాటికే లెక్కట. అయినా ఇంత సహకరించినందుకు కృతజ్ఞతలట. ఎదుట మనిషి ఉన్నట్టు నేనూ ఫోన్ పట్టుకునే నడుం వంచి నమస్కరించాను. ఎవరు చెరపమన్నారు నన్ను? నా మీద నాకే ఒళ్ళు మండింది.

నవంబరు 8
ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

నవంబరు 11
మా జపాన్‌లోనే దూరంగా సాదో దీవిలో ఉండే ఒగినో గారి పాఠం. డెబ్భై ఆరేళ్ళ మనిషి, ఓడల్లో ఇంజన్ల పని చూసి రిటైరయ్యారు. ఆయన పాఠంలో వాయిస్తుంటే భార్య తొమోయే గారు వంటింట్లోంచి పాడేవారు. ఎప్పుడూ ఒకటే పాట, పాత సినిమాది. ఆవిడ ఆగస్టులో పోయారు.

ఇరవై మూడున ఆవిడ పోయి నూరో రోజట, ఆ రోజు అందరూ ఇంటికొస్తారట. బంధువులకు ఆవిడ గొంతు వినిపించాలట. ఇంట్లో ఫోటోలున్నాయి, గొంతు ఎక్కడా లేదట.

“మీ మెయిల్ చూడగానే నా దగ్గరున్నవన్నీ తీసేశాను టీచర్ గారూ. అసలువి మీ దగ్గరుంటాయి కదా అనుకున్నాను” అన్నారు.

నెట్ బాగాలేదని చెప్పి కెమెరా ఆపేశాను. పిరికిదాన్ని.

నవంబరు 14
కంప్యూటర్ షాపతను రెండు రోజులు చూసి, చెరిపేసినవి ఇక తిరిగి రావన్నాడు. నా కష్టానికి జాలిపడి డబ్బులు కూడా తీసుకోలేదు.

నవంబరు 18
ఒగినో గారికి చెప్పేశాను. తిట్టినా బాగుండేది. ఆయన కప్పులో టీ మొత్తం తాగేశారు.

తరవాత అడిగారు. “మూడేళ్ళు విన్నారు కదా. తొమోయే ఎలా పాడేదో గుర్తుందా మీకు?”

ఎందుకు లేదు. నా చెవికి అదే పని. రెండో చరణం ఎత్తుకోవడమే శ్రుతి దిగి ఎత్తుకునేవారు. ఆఖరి లైనుకి ఊపిరి చాలక సగంలో వదిలేసేవారు. ఎప్పుడెప్పుడు అయిపోతుందా అని పళ్ళు బిగించుకుని వినేదాన్ని. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నవంబరు 22
ఒగినో గారి పాఠంలో, తొమోయే గారి పాట ఆవిడలాగే పాడాను. దిగాల్సిన చోట దిగాను. వదిలేయాల్సిన చోట వదిలేశాను. ఆయన తలెత్తకుండా వాయించారు.

రికార్డు చేశాను. ఫీజు కడతాను.