నువ్వు చెప్పిన సినిమా

బిడ్డా సునీతా,

నువ్వు పోయి నేటికి ఏడాది.

ముప్పై ఏళ్ళు ఈ భివండిలో బట్ట నేసే సాంచెల మోతలో మీ బాపు చెవులు మందగించాయి కదా. నీ తమ్ముడు ఈరోజు టీవీకి హెడ్‌ఫోన్లు తెచ్చాడు. వాటికి వైరు లేదు. నేను పెట్టుకొని వంటింట్లోకి పోయాను. గోడ దాటినా మాట చెవిలోనే ఉంది. టీవీకీ నాకూ నడుమ చెయ్యి ఆడించి చూశాను, ఏమీ తగలలేదు. ఇంత వింత నేనెన్నడూ చూడలేదు.

తర్వాత బాపు పెట్టుకున్నాడు. మీరిద్దరూ మళ్ళీ మళ్ళీ చూసిన ఆ నవ్వుల సినిమానే వస్తోంది. సాంచెల దగ్గర మాట్లాడుకున్నట్టు, గొంతు లేకుండా పెదవులతోనే నువ్వు ఆయనకు మాటలన్నీ చెప్పేదానివి. ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వేవాడు. ఈరోజు మొదటిసారి చెవులతో విన్నాడు. నవ్వలేదు.

“ఏందయ్యా, వినవడ్తలేదా?” అని ఆయనకు నా పెదవులు కనబడేలా నిలబడి అడిగాను.

“మంచిగనే వినవడ్తున్నది. గని సినిమల గా మాటలు లెవ్వు. మామ గాడిద మీద పెండ్లికి పోతడని చెప్పింది బిడ్డ. ఈడు పొలం కాగితాలు అడుగుతున్నడు.”

తమ్ముడు ఆయన ముందుకొచ్చి, “అక్క అన్నీ సొంతంగ కల్పించింది బాపూ,” అన్నాడు.

“గిన్ని మాటలు దానికి ఎక్కడికెల్లి వచ్చినయే?” అని బాపు నన్ను అడిగాడు.

నాకేం తెలుసు బిడ్డా? నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని. నీ పెదవులు ఒక్కనాడూ చూడలేదు.

ఆయన హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఒక్కో సీనుకు నువ్వేమన్నావో చెప్పడం మొదలుపెట్టాడు.

మీ అమ్మ