మళ్లీ పెట్టిన పరీక్ష

రాజవ్వా, మన శంకరయ్య కాలేజీలో భౌతికశాస్త్రం పాసయ్యాడే!

కన్నతల్లివి, నీ దినాలకు మెట్‌పల్లి వచ్చి వాడు పరీక్ష రాయలేకపోయాడు. ఏడాది పోయిందనుకొని నాకు మగ్గం మీద చెయ్యాడలేదు. మళ్లీ రాయాలంటే ఇంట్లో చావు జరిగినట్టు కాగితం చూపాలట. వాడు వట్టి చేతులతోనే వెళ్లాడు. సంతంత క్లాసులో వాడి పేరైనా తెలియని సారు, వాడి గుండు చూసి మెల్లగా అడిగాడట.

"అవ్వనా, బాపా?"

"అవ్వ, సార్."

"ఇంక కాగితమెందుకు బిడ్డా. కూసో, తప్పిన పాఠం జెప్త."

రోజూ సాయంత్రం కూర్చోబెట్టి పాఠం చెప్పి, ఆయనే మళ్లీ పరీక్ష పెట్టాడు.

ముందు నీకే చెప్తున్నాను. ఇక పెద్దపల్లిలో మీ అక్కకు, మంథనిలో మా చెల్లెకు చెప్పాలి. చదువెందుకన్న మీ తమ్మునికి రెండుసార్లు చెప్పాలి. నువ్వు పోయిన కబురు మోసింది నేనే గనుక, మీ అవ్వకు ఈ కబురు కూడా నేనే వెళ్లి చెప్పాలి.