తలూపకూడదన్న పాఠం

సుదామ్,

ఈ ఉత్తరం నువ్వు బతికున్నా చదవలేవు. తెలుగు నీకు రాదు.

నిరుడు మామిడి కోతల్లో "ఆ కొమ్మ పుచ్చిపోయింది, ఎక్కొద్దు" అని కింద నుంచి అరిచాను. నువ్వు నవ్వి తలూపావు, ఆ కొమ్మే ఎక్కావు. అది విరిగి కింద పడ్డావు. ఆసుపత్రికి చేర్చేలోపే పోయావు. ఏం చెప్పినా తలూపేయడం మీ ఒడిశావాళ్ళందరికీ అలవాటు. అర్థం కాలేదంటే కోప్పడతానని భయం. కోప్పడేవాణ్ణి కూడా.

ఈ ఏడు మా ఆగిరిపల్లి తోటకి మీవాళ్ళు మళ్ళీ వచ్చారు. చర్చి వరండాలో సాయంత్రాలు వాళ్ళకి తెలుగు క్లాసు పెట్టించాను. రిటైరైన టీచరు మరియమ్మగారు చెబుతున్నారు. ఆవిడ అఆలతో మొదలుపెట్టబోతే, ముందు "నాకు అర్థం కాలేదండి" అనడం నేర్పమన్నాను.

"అదేం పాఠమండీ?" అన్నారు.

నీ సంగతి చెప్పాను. వారమంతా ఆ ఒక్క మాటే పలికించారు.

ఈ ఉదయం నీ తమ్ముడు పండ్లు కోసే చిక్కం పట్టుకుని నిచ్చెన దగ్గరికొచ్చాడు. ఏ కొమ్మ మీద కాలు పెట్టకూడదో చెప్పాను. తలూపబోయి ఆగాడు.

"నాకు అర్థం కాలేదండి" అన్నాడు, నేల చూస్తూ.

నేనే నిచ్చెనెక్కి, ఆ కొమ్మ మీద చెయ్యి వేసి చూపించాను. రెండు నిమిషాల పని.

నీకు మాత్రం కింద నుంచే చెప్పాను.