మంచుఖండంలోని నల్లరాతికి నా పేరు తీసి నా భార్య పేరు పెట్టుట గురించి

ద్రెనాక్ గ్రామము,
2 మార్చి 2007.

గౌరవనీయులైన అధ్యక్షులవారికి,
మంచుఖండపు ఆంగ్లనామ నిర్ణయ ఉపసంఘము,
సోఫియా.

అయ్యా,

విషయం: దక్షిణ ధ్రువపు మంచుఖండములో మన దేశపు స్థావరమునకు తూర్పున పదకొండు కిలోమీటర్ల దూరములో గల నల్లరాతికి ఖాయము చేయవలసిన ఇంగ్లీషు పేరు గురించి.

సూచిక: తమ లేఖ నెం. 114, తేదీ 19 ఫిబ్రవరి 2007 (నేను మరణించిన దినము నుండి అమలులోకి వచ్చునది).

ద్రెనాక్ గ్రామ నివాసి, పూర్వపు ట్రాక్టర్ స్టేషన్‌లో డీజిల్ మెకానిక్, రెండు దక్షిణ వేసవులు మన స్థావరంలో జనరేటర్ చూసుకున్నవాడు, ప్రస్తుతము సజీవుడు అయిన రంగెల్ డోబ్రెవ్ మనవి చేసుకొనునది ఏమనగా:

1. గత అక్టోబరులో 'కీర్తిశేషులు రంగెల్ డోబ్రెవ్ గారి వారసులకు' అను చిరునామాతో తమ కార్యాలయము నుండి ఒక కవరు వచ్చినది. పోస్టు తెచ్చే రదోస్తినా గేటు దగ్గర నిలబడి, "రంగెల్, నీ వారసులకి రిజిస్టరు ఉత్తరం. సంతకం ఎవరు పెడతారు?" అని కేకేసింది. మాకు పిల్లలు లేరు. కనుక నా వారసుడి హోదాలో నేనే సంతకం చేసి తీసుకున్నాను. సదరు నల్లరాతిని ఇకపై ఇంగ్లీషులో 'డోబ్రెవ్ నునటాక్' అని పిలిచెదరనీ, ఆ పేరు ప్రపంచ పటాల జాబితాలోకి ఎక్కుననీ, వారసులు వచ్చి యోగ్యతాపత్రము తీసుకొనవలెననీ అందులో ఉన్నది. నునటాక్ అనగా మంచులోంచి తల బయటపెట్టిన రాయి అని స్కూలు మాస్టారు నిఘంటువు చూసి చెప్పారు. ఆ రాయి నాకు తెలుసు. దానికి అప్పటికే ఒక పేరుందని కూడా తెలుసు. ఆ సంగతి చెప్పడానికే పెళ్ళినాటి కోటు వేసుకుని రైలెక్కాను.

2. తమ కార్యాలయములో కార్యదర్శి కుమారి నెవెనా నన్ను చూసి, "ఎవరి తాలూకు?" అని అడిగింది.

"రంగెల్ డోబ్రెవ్ తాలూకు."

"అయ్యో, కూర్చోండి బాబాయ్ గారూ. ఆయన మీకేమవుతారు?"

"ఏమీ అవడమ్మా. నేనే ఆయన్ని."

"అంటే... అదే పేరున్న తమ్ముడా?"

"కాదు తల్లీ. పోయాడని మీరు రాశారే, ఆ రంగెల్‌ని."

ఆ పిల్ల లేచి వచ్చి నా చేయి పట్టుకు చూసింది. చల్లగా ఉందంది. బయట మంచు పడుతోందమ్మా అన్నాను. అంతలో తమరు గదిలోంచి వచ్చి విషయం విని, "ఆరోగ్యం ఎలా ఉంటోంది డోబ్రెవ్ గారూ?" అని అడిగారు. "రాయిలా ఉన్నానండీ" అన్నాను. తమరి మొహం కాస్త వాడిన మాట వాస్తవము. తమరిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. అచ్చయిపోయిన జాబితాను మార్చడం ఎంత తలనొప్పో యంత్రాలు విప్పి బిగించినవాడిగా నేనెరుగుదును.

3. పొరపాటు ఎట్లు జరిగినదనగా: మన ఊళ్ళలో ఆలుమగల్లో ఒకరు పోతే రెండోవారి పేరూ బొమ్మా కూడా అదే సమాధిరాతి మీద చెక్కించి, పోయిన సంవత్సరం దగ్గర ఖాళీ వదలడం తమరు ఎరుగనిది కాదు. నా భార్య వెలికా తన రాతిని తానే, మంచం పట్టిన వేసవిలో, 1998లో చేయించుకున్నది. శిల్పి మెతోదిని ఇంటికి పిలిపించి, నా ఎదుటే పురమాయించింది.

"ఈయన్ని కూడా ఇప్పుడే చెక్కెయ్ మెతోదీ. తర్వాత చెక్కించుకునే రకం కాదు, వట్టి బద్ధకిష్టి."

"పోయిన సంవత్సరం ఏం వెయ్యమంటావు వదినా?"

"పంతొమ్మిది వరకు చెక్కు. మిగతా రెండంకెలూ ఆయన చూసుకుంటాడు."

"ఒసేవ్, పంతొమ్మిదంటే నాకింక ఏడాదిన్నరేనా గడువు?" అన్నాను నేను.

"నేను లేకుండా అంతకంటే ఉంటావా ఏం?" అంది.

ఆ అక్టోబరులోనే ఆమె పోయింది. శతాబ్దం మారింది. నేను ఉన్నాను. ఇది ఆమె అంచనాకు విరుద్ధముగా నేను చేసిన పనియే, ఒప్పుకుంటున్నాను. రాతి మీద మాత్రం '1938 – 19' అనే ఉండిపోయింది. స్థావరంలో పనిచేసి పోయినవారి వివరాలు సేకరించుటకు తమరు పంపిన ఉద్యోగి దానికి ఫొటో తీసి, పక్కనున్న నాచు కింద మిగతా అంకెలు ఉన్నవని భావించి, నన్ను గత శతాబ్దములోనే ముగించెను. నాచు గీకి చూడవలసినది. సమాధి మీదికి నా బొమ్మను వెలికాయే ఎంచింది: నేను నారింజరంగు కోటు వేసుకుని, మంచుఖండంలో ఆ నల్లరాతి ముందే నిలబడి నవ్వుతున్నది. ఏ రాతికి నా పేరు పెట్టాలో తమకు తెలిసినది ఆ బొమ్మ వల్లనే.

4. తదుపరి తమ లేఖ నెం. 114 అందినది. అందులో ఇట్లున్నది: "బతికియున్నవారి పేరు భౌగోళిక స్థలములకు పెట్టరాదు. కావున డోబ్రెవ్ నునటాక్ అను పేరు నిలుపుదల చేయబడినది. రద్దు చేయబడలేదు. తమరు మరణించిన దినము నుండి, మరల సమావేశము జరుపనక్కరలేకుండనే, అది తనంతట తానే అమలులోకి వచ్చును. మరణ ధ్రువపత్రమును తామే త్వరితముగా పంపవలెను."

ధ్రువపత్రము నేనే పంపుట ఎట్లో తెలియలేదు. త్వరితముగా అన్న మాట ఎందుకో కూడా తెలియలేదు. ఆ రెండూ వదిలేస్తున్నాను. నా బాధ అది కాదు.

5. ఆ రాయి పేరు 'వెలికా పొయ్యి'. 1995 జనవరిలో, అనగా అక్కడి వేసవిలో, నేనూ భూగర్భ పరిశోధకుడు స్పాస్ గారూ నమూనాలు తేవడానికి వెళ్ళి తుఫానులో చిక్కి, నాలుగు రోజులు దాని చాటున గుడారంలో పడి ఉన్నాము. చుట్టూ అంతా తెలుపు, అదొక్కటే నలుపు. గాలి ఆగినప్పుడు కాస్త ఎండ తగిలితే చాలు, వెచ్చబడేది. దాని మీద మంచు నిలిచేది కాదు. మా ఇంట్లో ఇనప పొయ్యి అచ్చం అంతే ఉంటుందని నేను చెప్పాను. శరదృతువులో వెలికా దాని మీద ఎర్ర మిరపకాయలు కాల్చి తొక్క తీయడం, నేను వచ్చేసరికి దాని వెనక తీగ మీద నా మేజోళ్ళు ఆరుతూ ఉండడం, అన్నీ చెప్పాను. నాలుగు రోజులు మరి, ఇంకేం చెప్పను. స్పాస్ గారు నోటుబుక్కులో 'వెలికా పొయ్యి' అని రాసుకున్నారు. అప్పటినుంచి స్థావరంలో అందరికీ అదే పేరు. పొద్దున్నే వంటాయన కిటికీలోంచి చూసి, "వెలికా పొయ్యి కనబడుతోందిరోయ్!" అంటే బయటకు వెళ్ళేవాళ్ళం, కనబడలేదంటే కోట్లు విప్పేసేవాళ్ళం. అక్కడ మనుషులు పనికి వెళ్ళిందీ మానిందీ ఆ పేరును బట్టే.

6. పొయ్యి అనునది భౌగోళిక పదము కాదనీ, ఇంగ్లీషువారు నవ్వెదరనీ తమరు మౌఖికముగా సెలవిచ్చారు. నేను మాస్టారి దగ్గర నిఘంటువు పట్టుకుని మూడు రోజులు వాళ్ళ పేర్ల జాబితా చదివాను. అందులో సూది ఉంది. కమ్మరి దాగలి ఉంది. గుర్రపు జీను ఉంది. కుండ కూడా ఉంది. వాళ్ళ ఇంటి సామానంతా అక్కడ కొండలై కూర్చుంటే ఎవరూ నవ్వలేదు, మా ఇంటి పొయ్యికి వచ్చేసరికి నవ్వొచ్చిందా? అయినను, పెద్దలతో వాదన పెట్టుకోదలచుకోలేదు. పొయ్యిని వదులుకుంటున్నాను. రాయి అనండి, గుట్ట అనండి, నునటాక్ అనండి, ఇంగ్లీషులో ఏది సరైనదో తమకే తెలియును. ముందు మాత్రం వెలికా అని ఉండాలి.

7. ఇక దరఖాస్తు ఫారములోని తొమ్మిదో గడి. 'పేరు గల వ్యక్తికి మంచుఖండముతో గల సంబంధము.' ఇది నింపనిదే వెలికా పేరు సమావేశము ముందుకు రాదని కుమారి నెవెనా చెప్పినది.

"పిన్నిగారు ఎప్పుడైనా అక్కడికి వెళ్ళారా బాబాయ్ గారూ?"

"సముద్రమే చూడలేదమ్మా."

"మరి ఇందులో ఏం రాయమంటారు?"

జవాబు నాకు ఇంటికి రైల్లో వస్తూ తోచింది. అది చిన్న గడిలో పట్టేది కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

నా రెండో వేసవిలో, 1997 జనవరిలో, స్థావరంలో జనరేటర్ పాడైంది. ఎనిమిదో తేదీన ఓడ వెళ్ళిపోతుంది, మళ్ళీ ఓడ ఫిబ్రవరి చివరికి గాని లేదు. మా నాయకుడు నాతో, "రంగెల్, నువ్వుంటే యంత్రం బాగుపడుద్ది, అందరం ఉంటాం. నువ్వెళ్తానంటే స్థావరానికి తాళం వేసి అందరం ఇదే ఓడెక్కాలి. ఇంట్లో కనుక్కో" అన్నాడు. ఆదివారం ఆదివారం మాకు మూడు నిమిషాలు ఫోను ఇచ్చేవారు. అయిదో తేదీ ఆదివారం.

"వెలికా, వచ్చేయనా?"

"వచ్చి ఏం చేస్తావ్, నా కాళ్ళకి అడ్డంపడతావ్."

"ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేం, దుక్కలా ఉన్నాను."

"పొయ్యి మండుతోందా?"

"భేషుగ్గా మండుతోంది. చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి, నీ మేజోళ్ళు ఆరుతున్నాయి. నీ పని చూసుకో."

నేను ఉండిపోయాను. ఇరవయ్యో తేదీ దాకా విప్పి బిగించి ఆ జనరేటర్‌ను నడిపించాను. ఏడుగురు మనుషుల పని ఆగలేదు. ఆ వేసవి కొలతలతోనే తమ ఉపసంఘము పటము గీసినదని తమ గోడ మీద చదివాను.

మార్చిలో ఇంటికొచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది. పక్కింటి పెనా చెప్పింది: "నన్ను తిట్టకు రంగెల్. క్రిస్మస్ నుంచీ అది వెలగలేదు. వెలికా కట్టెలు మోసుకురాలేకపోయేది. నేనే సూప్ కాచి తెచ్చేదాన్ని. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. 'ఆయనకి తెలిస్తే ఓడెక్కేస్తాడు, వదిలేసొచ్చిన పని గురించి బతికినన్నాళ్ళూ గొణుగుతాడు' అంది."

అయ్యా, ఆ వేసవి నా మేజోళ్ళన్నీ నాతోనే ఉన్నాయి. ఎనిమిది జతలు, ఆమె అల్లినవే. ఇంట్లో ఆరడానికి ఒక్కటి కూడా లేదు. ఫోనులో ఆమె ఆ మాట అన్నప్పుడు నా కాళ్ళకు రెండు జతలు తొడుక్కునే ఉన్నాను. అయినా నాకు తట్టలేదు. ఆ రెండు నెలలు ముందే ఆసుపత్రికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు. నేను అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

కావున తొమ్మిదో గడిలో ఇట్లు నింపవలసినదిగా ప్రార్థన: 'సదరు వెలికా డోబ్రెవా మంచుఖండమునకు వెళ్ళలేదు. వెళ్ళినవానికి అబద్ధము చెప్పి అక్కడ ఉంచినది. ఆ అబద్ధము వలన స్థావరములో దీపములు వెలిగినవి.'

ఆమె మరణించినది. నియమానుసారము అర్హురాలు. రాతి మీద ఆమె సంవత్సరము పూర్తిగా చెక్కబడియున్నది, గీకనక్కరలేదు. నా పేరును నిలుపుదల చేయుట కాక పూర్తిగా కొట్టివేసి, ఆ స్థానమున ఆమె పేరును ఈ నెల 14వ తేదీ సమావేశములోనే ఖాయము చేయించవలెననీ, నన్ను బతికియున్నందుకు మన్నించవలెననీ కోరుచున్నాను. పై సంగతులన్నియు తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రంగెల్ డోబ్రెవ్
(స్వహస్తముతో, సజీవముగా)

జతపరచినవి: స్పాస్ గారి నోటుబుక్కులో ఒక పుట, నాచు గీకిన తరువాత రాతి ఫొటో, నేను బతికియున్నట్లు గ్రామ కార్యాలయము ఇచ్చిన పత్రము (మూడు నెలల వరకే చెల్లునట).

తా.క.: నెవెనా తల్లీ, దీన్ని ముందు నువ్వే చదువుతావని తెలుసు. 14 దాటనివ్వకు. మొన్న కట్టెలు తెస్తూ గుమ్మంలో కూలబడ్డాను. చావంటే నాకు బెంగ లేదు. ఆమె పక్కన చోటుంది, బొమ్మ కూడా ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. కానీ ఈలోగా నేను పోతే మీ 114 నంబరు తనంతట తానే అమలైపోతుంది, నా పేరు వెళ్ళి ఆ మంచులో ఒక్కటే నిలబడుతుంది. ఆమె పేరు ఇక్కడే ఉండిపోతుంది. ఒకసారి ఆమెను వదిలేసి అక్కడే ఉండిపోయాను. రెండోసారి నన్ను పంపకండి.