నల్లకోటు మీద నల్లదారం

ఫిబ్రవరి 16, ఆదివారం

చిరంజీవి చెల్లికి,

అక్క దీవించి రాయిస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావగారు, రెండు కుట్టుమిషన్లు క్షేమం. అక్కడ నువ్వు, మరిదిగారు, నీ వయొలిన్ క్షేమమని తలుస్తాను. చేతిరాత బావగారిదని కంగారుపడకు. నేను కోటు ముందేసుకుని చెబుతుంటే ఆయన రాస్తున్నారు. ఆయనకీ ఏదో ఒక పని ఉండాలిగా. ఈ మాట రాయనని కాసేపు మొరాయించారు కూడా.

నీ వయొలిన్ పాఠాలు తీయడానికి తక్కువ ధరలో మంచి హెచ్‌డీ కెమెరా ఏదో చెప్పమన్నావు. సరైన మనిషినే అడిగావే. రెండు నెలలపాటు ఈ ఊళ్ళో కెమెరా షాపులన్నీ జల్లెడ పట్టినదాన్ని. నాన్న కోటు పని మొత్తం పదహారు పాఠాలుగా తీసిపెట్టాలని నా పట్టుదల. చేత్తో ఆయన కుట్టినట్టు గుండీ కాజా కుట్టడం ఆయన తర్వాత మనిద్దరికే వచ్చు. నువ్వు సూది వదిలేసి పన్నెండేళ్ళయింది. నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలు మిషన్ కాజాతో సరిపెట్టుకుంటున్నారు. ఆ పని నాతోనే ఆగిపోతుందంటే నాకు మింగుడుపడలేదు.

షాపుకి నేను ఉత్త చేతులతో వెళ్ళలేదు. నాన్న కుట్టిన నల్లకోటు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. నల్లబట్ట మీద నల్లదారంతో కుట్టిన కాజాని ఏ కెమెరా పోగుపోగుగా చూపిస్తే అదే నాది అన్నాను. కౌంటర్ వెనకున్న మీసాలాయన ముందు నవ్వాడు. పూలకుండీ చూపించి, రంగులు ఎంత బాగున్నాయో చూడండమ్మా అన్నాడు. ఎర్రపువ్వుని ఎర్రగా చూపించడం ఏం గొప్ప అని అడిగేసరికి నవ్వు ఆగింది. అన్నిటికంటే ఖరీదైనదాంట్లో మన కాజా బొగ్గుమసిలా కనబడింది. పోయినేడాది మోడల్ అని కింది అరలోకి తోసేసిన చిన్నది మాత్రం ఒక్కో పోగూ లెక్కపెట్టుకోమన్నట్టు చూపించింది. దాని ధర మొదటిదాంట్లో సగం. ఇంకా కాస్త తగ్గించే వరకు నేను కుర్చీలోంచి లేవలేదు.

కాబట్టి నువ్వు కూడా డబ్బా మీద అంకెలు చూసి మోసపోకు. నీ వయొలిన్ పట్టుకెళ్ళు. లెన్సు కదిలి దగ్గరికి తెచ్చే జూమే జూమ్. మిగతాది బొమ్మని సాగదీయడం, అంతే. విడిగా మైకు పెట్టుకునే సదుపాయం లేకపోతే ముట్టుకోకు. నీకు కావలసింది చెవికి వినబడాలి కదా. షాపు దీపాల కింద కాదు, ఓ మూల చీకట్లో పెట్టి చూడు. ఇంకో బ్యాటరీ అడుగు. సిగ్గుపడితే మోసపోయేది నువ్వే.

తీసుకున్నాక తేడా వస్తే ఊరుకోకు. నేను తెచ్చినదాన్ని స్టాండు మీద పెట్టి మొదటి పాఠం తీస్తే, బొమ్మలో సూది వణుకుతూ కనబడింది. వణుకు సరిదిద్దే ఏర్పాటు ఉందని డబ్బా మీద బోలెడంత గొప్పగా రాశారు మరి. మర్నాడు పొద్దున్నే వెళ్ళి మీసాలాయన్ని దులిపేశాను. అప్పటికప్పుడు అదే రకంలో ఇంకోటి ఇచ్చాడు. నీ అక్కతో పెట్టుకుంటాడా?

మరిదిగారిని అడిగానని చెప్పు. వేళకి తిను.

ప్రేమతో,
అక్క

తా.క. బావగారు టీ పెట్టడానికి లేచారు. ఈ ముక్కలు నేనే రాస్తున్నాను. అక్షరాలు చూస్తుంటే నీకే తెలుస్తుంది.

రెండో కెమెరాలోనూ సూది వణికింది. అది కూడా పట్టుకుని షాపు మీదికి వెళ్ళాను. ఈసారి మీసాలాయన కెమెరా మార్చలేదు. నేను తీసిన వీడియో పెద్ద తెర మీద పెట్టి, కత్తెర కదలడం లేదమ్మా, టేపు కదలడం లేదు, కోటూ కదలడం లేదు అన్నాడు. పట్టుకున్న చెయ్యి వణికితే కెమెరా సర్దుకుంటుంది గానీ, ఎదురుగా ఉన్న చెయ్యి వణికితే ఉన్నది ఉన్నట్టే చూపిస్తుందని మెల్లగా చెప్పాడు. నేను దాన్ని చాలా మంచి కెమెరాగానే ఎంచుకున్నానే. నా చేతి వణుకు తగ్గేది కాదట, మందులతో కొంత నెమ్మదిస్తుందట. డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం బాగా ఏడ్చాను. ఇప్పుడు ఏడవడం లేదు.

నువ్వు ఇప్పుడే కెమెరా కొనకు. సెలవు పెట్టి రా. నేను చెబుతాను, నువ్వు కుట్టు, బావగారు తీస్తారు. పదహారు పాఠాలూ అయ్యాక ఈ కెమెరా నువ్వే పట్టుకెళ్ళు. నువ్వు సూది ఎందుకు వదిలేశావో నాకు తెలుసు. నలుగురి ముందు నీ కాజా విప్పేసి, మళ్ళీ కుట్టమన్నాను. అది బాగానే ఉంది. నాదానికంటే బాగుందని నాన్న అన్నారు, అందుకే విప్పాను.

రా చెల్లీ. ఈసారి ఒక్క కుట్టు కూడా విప్పను.